ఆపడం రాని తొమ్మిది పాటలు

పెళ్లి బరాత్ ముందు ఎర్ర కోటు తొడుక్కుని నడిచే బ్యాండు మనిషిని మీరు చూసే ఉంటారు. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, తల మీద టోపీ, కాళ్లకు నల్ల బూట్లు. అతని ముఖం మాత్రం మీకు గుర్తుండదు. పెళ్లి వీడియోలో అతను కనిపించిన చోటల్లా కత్తిరించేస్తారు. ముప్పై నాలుగేళ్లు నేను ఆ మనిషిగా బతికాను. నాది సైడ్ డ్రమ్ము. మెడలో పట్టాతో వేలాడేసుకుని, రెండు పుల్లలతో వాయించే చిన్న డ్రమ్ము.

ఇప్పుడు రిటైరయ్యాను. బ్యాండువాడికి రిటైర్‌మెంటు ఏమిటని నవ్వకండి. మోకాళ్లు అరిగిన రోజే మా రిటైర్‌మెంటు. దానికి పూలదండా ఉండదు, ఆర్డరు కాగితమూ ఉండదు. ఈ మధ్య మా గల్లీ పిల్లలు ఫోన్లు పట్టుకొచ్చి, "తాతా, గీ పాటల డ్రమ్ము నీదేనంట గదా?" అని అడుగుతున్నారు. ఒకరికి చెప్తే పది మందిని తీసుకొస్తున్నారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇలా రాసి పెడుతున్నాను.

మా బ్యాండు దుకాణం చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల వెనక సందులో ఉంది. పద్నాలుగు మందిమి. మాకు పెద్ద మాస్టర్. దుకాణం ఆయనది, వాయిద్యాలు ఆయనవి, కోట్లు ఆయనవి, కోపం కూడా మొత్తం ఆయనదే. చేతిలో ఎప్పుడూ వెండి పొన్ను వేసిన నల్ల కర్ర ఉండేది. బరాత్‌లో మాకు ముందుగా వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ కర్రతోనే మమ్మల్ని నడిపేవాడు. కర్ర పక్కకు ఊపితే పాట మారాలి. పెళ్లికొడుకు గుర్రం హాలు గేటు దగ్గరకు రాగానే కర్ర పైకి లేస్తుంది. కిందికి దిగిందంటే పద్నాలుగు మందీ ఒక్కసారి ఆగిపోవాలి. అంతవరకు ఆపే ప్రసక్తే లేదు. ట్రాఫిక్ ఆగినా, వాన వచ్చినా, గుర్రం మొరాయించినా మేము వాయిస్తూనే ఉండాలి.

నేను చేరిన కొత్తలో ఒకసారి కర్ర దిగింది చూసుకోలేదు. పదమూడు మంది ఆగిపోయారు. నేనొక్కణ్ణి కళ్లు మూసుకుని పూనకం వచ్చినట్టు వాయిస్తున్నాను. కళ్లు తెరిచేసరికి పెళ్లికూతురి తల్లి హారతి పళ్లెం పట్టుకుని నన్నే చూస్తోంది. మాస్టర్ దగ్గరకొచ్చి చెవిలో, "ఏం బై, పెండ్లి నీదా?" అన్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆ కర్ర మీది నుంచి నా చూపు పక్కకు పోలేదు.

నా తాళం గురించి నాకు కాస్త గర్వం ఉండేది. కాస్త అంటున్నాను గానీ, బాగానే ఉండేది. కార్వాన్ నుంచి మాదన్నపేట దాకా ఏ బ్యాండువాడిని అడిగినా, ఆ సైడ్ డ్రమ్ము గడియారం లాంటిదని చెప్పేవాడు. చెప్పనివాళ్లకు నేనే చెప్పేవాణ్ని.

ఆ గడియారానికి మోకాళ్లు పోయాయి. ముందు ఎడమది, తర్వాత కుడిది. ఆ ఏడాది సీజన్ చివర్లో ఒక బరాత్‌లో నేను కుంటుతుంటే వెనకవాళ్లు వచ్చి నా మీద పడ్డారు. బరాత్ అయ్యాక మాస్టర్ నన్ను దుకాణం వెనక్కి పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, మాటలు మెత్తగా చెప్పడం రాదంతే.

"మూఢం పోయినంక వచ్చే ముహూర్తాలకు నువ్వు రాకు. నడవలేనోడు బరాత్‌ల ఏం జేస్తడు? డ్రమ్ము మాత్రం తోమిపెట్టి పో."

సరేనన్నాను. డ్రమ్ము తోమిపెట్టాను. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, తోటివాళ్లకూ చెప్పలేదు. కొలువు పోయిందని చెప్పుకోవడం కన్నా కాలు నొప్పి అని చెప్పుకోవడం సులువు.

మూఢం అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. శుక్రుడు కనబడని రోజులు. ఆ రోజుల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. మా బ్యాండుకు ఎక్కువగా హిందూ పెళ్లిళ్లే. ముస్లిం పెళ్లిళ్లలో ఇప్పుడు మర్ఫా డప్పులవాళ్లదే జోరు. కాబట్టి మూఢం వచ్చిందంటే మాకు బలవంతపు సెలవులు. కోట్లు మేకులకు వేలాడతాయి, మనుషులు చాయ్ దుకాణాల్లో వేలాడతారు.

ఆ మూఢంలోనే మా పాటగాడికి పిచ్చి పట్టింది. పగలు బస్సు డిపోలో మెకానిక్కు. ఆదివారం చర్చిలో గిటారు. ముహూర్తాల రోజుల్లో మా లైట్ల బండి మీద నిలబడి మైకులో పాడేవాడు. రాక్ సంగీతమంటే ప్రాణం. ఒక రోజు నన్నూ, క్లారినెట్ భాయ్‌నీ, పెద్ద డ్రమ్ము వాయించే అతన్నీ దుకాణంలో కూర్చోబెట్టి గిటారు తీశాడు.

"అన్నా, ముప్పై ఏండ్ల సంది ఎవరి పాటలో వాయిస్తున్నం. మన పాటలు మనం ఒక ఆల్బమ్ చేద్దాం. రాక్ ఆల్బమ్."

క్లారినెట్ భాయ్ నా కంటే రెండేళ్లు పెద్ద. వాళ్లింట్లో తాతల కాలం నుంచి అందరూ క్లారినెట్ వాళ్లే. ఆయన గడ్డం గోక్కుని, "మన పాటలంటే దేని మీద మియా? ఇష్క్ మీదనా? ఈ వయసుల?" అన్నాడు.

"ఇష్క్ గిట్ల ఏం లేదు భాయ్. బరాత్ మీద. మన బతుకు మీద." అని పాటగాడు మొదటి పాట పాడాడు. దాని పేరు 'బిర్యానీ ఖతం'.

*ముంగట నడిచింది మేమే*
*ఎనక తిన్నది మేమే*
*డేగిశ అడుగున మా కోసం*
*ఒక్క ఇలాచి మిగిలిందే*

నేను నవ్వలేక చచ్చాను. క్లారినెట్ భాయ్ అయితే కళ్లు తుడుచుకున్నాడు. పెద్ద డ్రమ్ము అతను నవ్వలేదు. అతను రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. లేచి వెళ్లి తన డ్రమ్ము తెచ్చుకున్నాడు. అదే అతని ఒప్పుకోలు.

రెండు వారాల్లో తొమ్మిది పాటలు తయారయ్యాయి. కదలనని కూర్చున్న గుర్రం మీద ఒకటి. సరిగ్గా పెళ్లికూతురి ఇంటి ముందే చచ్చే జనరేటర్ మీద ఒకటి. నోట్లో రుమాలు పెట్టుకుని రోడ్డు మీద దొర్లుతూ పాము డాన్సు చేసే బామ్మర్ది మీద ఒకటి. ముగ్గురు తొడిగి విడిచిన కోటు నాలుగోవాడికి వస్తే, జేబులో ఎవరిదో పాత బస్సు టికెట్టు దొరకడం మీద ఒకటి. గొప్ప కవిత్వం కాదు. గొప్ప సంగీతం అని కూడా ఎవరం అనుకోలేదు. కానీ దుకాణంలో నిలబడి, బూట్లతో నేల తన్నుతూ వాయిస్తుంటే పదహారేళ్ల పిల్లల్లా ఉండేది. ఆల్బమ్‌కు 'మూఢం' అని పేరు పెట్టాం. ఆ సంగతి తెలిసి మాస్టర్ మండిపడ్డాడు.

"శుభకార్యాలు చేసుకొని బతికేటోళ్లు గసుంటి పేరు పెడ్తరా? ఏం లొల్లిరా మీది? ముహూర్తాలు మొదలైతే ఆ గిటార్ నాకు కనబడొద్దు, చెప్తున్న."

అంటే మాకు మూఢం పోయేదాకానే గడువు. వాళ్లందరికీ ఆ తర్వాత బ్యాండు ఉంది. నాకు లేదు. ఈ ఆల్బమ్‌లో వాయించేదే నా ఆఖరి వాయింపు. ఆ సంగతి నా ఒక్కడికే తెలుసు.

మాదన్నపేట కూరగాయల మార్కెట్‌ను ఆనుకుని ఒక మేడ మీద చిన్న స్టూడియో ఉంది. భజన పాటలు, ఖవ్వాలీలు, ఆటోల్లో తిరిగే కూరగాయల ప్రకటనలు అక్కడే రికార్డు చేస్తారు. నడిపేది ఒక అమ్మాయి. పాతికేళ్లుంటాయేమో. వెళ్లగానే, "టమాటా టమాటా అని మీ గల్లీల ఒర్రే గొంతు నా స్టూడియోదే అంకుల్" అని గర్వంగా చెప్పింది. మనిషి చురుకు. గుమ్మంలోనే మా బూట్లు విప్పించింది. లోపల నేలంతా మెత్తటి తివాచీ. నన్ను అద్దాల గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి, డ్రమ్మును స్టాండు మీద పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది.

"కాళ్లు కదపొద్దు అంకుల్, మైక్‌ల వినొస్తది. చెవుల టిక్ టిక్ వస్తది, దాంతోని పోండ్రి."

మోకాళ్లు నొప్పి పుట్టకుండా కూర్చుని వాయించడం జీవితంలో అదే మొదటిసారి. రాజభోగం అనుకున్నాను. పాట మొదలైంది. పది లెక్కల్లోనే నేను పరుగెత్తాను. ఆగమంది. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఈడ్చుకుపోయాను. ఆ టిక్ టిక్ నా చెవిలో ఉంది గానీ చేతిలోకి దిగడం లేదు. ఏడుసార్లు వాయించాం. ఏడుసార్లూ ఏడు రకాలు. గడియారమన్న పేరున్నవాణ్ని, నలుగురి ముందు చెమటలు కక్కాను.

ఇంకో తమాషా కూడా జరిగింది. ఎనిమిదోసారి ఎలాగో ముందుకు పోయింది పాట. పోతూనే ఉంది. చరణాలు అయిపోయాయి, క్లారినెట్ భాయ్ మళ్లీ మొదటికొచ్చాడు, పాటగాడు మళ్లీ పల్లవి ఎత్తుకున్నాడు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ వాయిస్తున్నాం. చివరికి ఆ అమ్మాయే అద్దం మీద కొట్టి ఆపింది.

"అంకుల్, ఈ పాట యాడ అయిపోతది?"

పాట ముగించడమనేది ఒకటుందని మాలో ఎవరికీ తట్టలేదు. ముప్పై ఏళ్లు పాటలు మొదలుపెట్టాం గానీ ఒక్కటీ మేమై ముగించలేదు. ఆ పని కర్రది.

"అయిపోదు బేటీ," అన్నాడు క్లారినెట్ భాయ్ సిగ్గుపడుతూ. "గేట్ వచ్చినంక ఆగుతది."

ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ముగింపుల సంగతి తర్వాత చూద్దాం, చివర్లో చప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ పోతే సరిపోతుందంది. తర్వాత నా వైపు చూసి, నొప్పి కలగకుండా చెప్పాలని ప్రయత్నిస్తూ, "డ్రమ్ములు మెషీన్‌ల పెట్టుకుందాం అంకుల్. మస్తుగ వస్తది. ఎవ్వరికి తెల్వది" అంది.

పాటగాడు తివాచీ వైపు చూస్తున్నాడు. వద్దనలేదు. ఆ వద్దనకపోవడం నాకు తగిలింది. హెడ్‌ఫోన్లు బాగాలేవన్నాను. కుర్చీ ఎత్తు తక్కువన్నాను. పుల్లలు కొత్తవన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏమేమో అన్నాను. చివరికి, "పెట్టుకోండ్రి మెషీన్. దానికి మోకాళ్లు గూడ నొయ్యవు" అని అరిచి బయటకు వచ్చేశాను.

కోపంగా మెట్లు దిగిపోదామనుకున్నాను. అదీ చేతకాలేదు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని దిగాలి. నా కోపం చల్లారేలోపు సగం మెట్లు కూడా అవలేదు. అందుకే క్లారినెట్ భాయ్ నన్ను తీరిగ్గా అందుకున్నాడు. మార్కెట్‌లో ఒక మూల ఖాళీ ఉల్లిగడ్డల పెట్టె మీద నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

ఇక దాచలేకపోయాను. "భాయ్, మాస్టర్ నన్ను రావొద్దన్నడు."

"ఎప్పుడు?"

"మూఢానికి ముంగట, ఆ బరాత్ అయిపోయినంక."

"మరి మాకెందుకు చెప్పలే?"

"చెప్తే జాలి పడ్తరని."

"జాలి గాదు మియా, కోపమొస్తుంది. ముప్పై ఏండ్లు పక్కపక్కన నడిచినం. ఒక్క మాట చెప్పనీకి నోరు రాలేదా?" అన్నాడు. నిజంగానే కోపంతో తన చాయ్ పారబోశాడు. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిగడ్డల పెట్టె మీద కూర్చున్నాను కాబట్టి సాకు దొరికింది.

అప్పటికి పెద్ద డ్రమ్ము అతను కూడా దిగివచ్చి మా వెనక నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నట్టున్నాడు. గుమ్మంలో విడిచిన బూట్లు మళ్లీ తొడుక్కుని వచ్చాడు. అతని బూట్ల మడమలకు ఇనుప ముక్కలు ఉంటాయి. అరగకుండా చెప్పులు కుట్టేవాడితో కొట్టించుకున్నవి. నా వెనక సిమెంటు గచ్చు మీద నడవడం మొదలుపెట్టాడు. బరాత్ నడక. టక్, టక్, టక్, టక్.

నా వేళ్లు కదిలాయి. నేను కదపలేదు, వాటంతట అవే కదిలాయి. చాయ్ గ్లాసు కింద పెట్టి ఉల్లిగడ్డల పెట్టె మీద వాయించాను. అతను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తున్నాడు. తాళం ఒక్క వెంట్రుకవాసి తప్పడం లేదు. క్లారినెట్ భాయ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పక్కన బెండకాయలు అమ్మే ఆమె, "ఏం పెండ్లయ్యా ఇది, పిలగాడేడి?" అని కేకేసింది.

పెద్ద డ్రమ్ము అతను ఆగి, ఆ రోజు వాటా మాటలన్నీ ఒక్కసారే ఖర్చుపెట్టాడు. "ముప్పై ఏండ్ల సంది నీ ఎనకాల్నే నడుస్తున్న. నా బూట్లు ఇనుకుంటనే వాయిస్తవ్ నువ్వు. ఇయ్యాల ఆమె బూట్లు ఇప్పించింది గదా."

నా గొప్పతనమంతా ఎక్కడుందో అప్పుడు తెలిసింది. వెనక నడిచేవాడి మడమలో ఉంది. ముప్పై ఏళ్లు గడియారం నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. తాళం చెవి అతని బూటు. అతనికి ఆ సంగతి తెలుసు. ఒక్కనాడూ అనలేదు. మీలో ఎవరైనా మీ పనితనం గురించి మరీ పొంగిపోతున్నట్టయితే, ఒకసారి వెనక ఎవరు నడుస్తున్నారో తిరిగి చూసుకోండి. నేను చూసుకునేసరికి యాభై ఆరేళ్లొచ్చాయి.

ముగ్గురం మళ్లీ మెట్లెక్కాం. నేను అందరికంటే ఆలస్యంగా చేరాను. ఆ అమ్మాయి విని, వాదించలేదు. తివాచీ వైపు చూసింది, బూట్ల వైపు చూసింది.

"అయితే ఈడ గాదు అంకుల్. మీరు నడిచే జాగల్నే రికార్డు చేద్దాం. బయటి లొల్లి రాకుండ తలుపులున్న పెద్ద జాగ కావాలె."

మూఢంలో ఖాళీగా ఉండే పెద్ద జాగాలు మాకు తెలియనివా? కార్వాన్‌లో ఒక ఫంక్షన్ హాలు వాచ్‌మన్ మాకు పాత స్నేహితుడు. లోపల గోడలు పట్టి గుండ్రంగా తిరగడానికి బోలెడంత చోటు. సమస్య నా నడక. దానికి పాటగాడు లైట్ల బండి ఉపాయం చెప్పాడు. బరాత్‌లో దీపాలూ స్పీకర్లూ మోసే నాలుగు చక్రాల బండి. దాని మీద కుర్చీ వేసి నన్ను కూర్చోబెడితే సరి. బండి మాస్టర్‌ది. అడిగితే ఇవ్వడు. అందుకని అడగలేదు. తాళం చెవి పాటగాడి దగ్గర ఉండేది. పొద్దున్నే తీసి కార్వాన్‌కు తోసుకుపోయాం. అది తప్పే. ఇప్పుడైనా ఒప్పుకుంటున్నాను.

ఆ పొద్దున మమ్మల్ని మీరు చూసి ఉండాల్సింది. కుర్చీని బండికి పాత తలపాగా గుడ్డలతో కట్టేశాం. నేను దాని మీద దేవుడి ఊరేగింపులో దేవుడిలా కూర్చున్నాను. నా పక్కన గిటారు స్పీకరు. బండి తోసేది వాచ్‌మన్. బండికి ఒక పక్క పాటగాడు, ఒక పక్క క్లారినెట్ భాయ్, వెనక ఇనుప మడమలతో పెద్ద డ్రమ్ము. కోట్లు కూడా తొడుక్కున్నాం. ఎవరూ చూడకపోయినా, కోటు లేకపోతే ఊపు రాదు. ముందు ఆ అమ్మాయి పొడుగాటి కర్రకు మైకు కట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లతో, అచ్చం మాస్టర్‌లా వెనక్కి వెనక్కి నడుస్తోంది.

మొదటిదే 'బామ్మర్ది డాన్సు' ఎత్తుకున్నాం. నా వెనక టక్ టక్ మొదలైంది. పుల్లలు చేతుల్లో తేలిపోయాయి. క్లారినెట్ పాములా బుసకొట్టింది, గిటారు దాన్ని తరిమింది. ఖాళీ హాలు గోడలు తిరిగి మోగాయి. మోకాళ్ల నొప్పి లేదు, భయం లేదు, ఎవరి పాటా కాదు, మాది. అంత ఆనందం నాకు నా పెళ్లి బరాత్‌లో కూడా కలగలేదు.

ఆపడం మాత్రం రాలేదు. రెండు చుట్లు తిరిగాం. మూడో చుట్టు మొదలైంది. వాచ్‌మన్ ఒగరుస్తూ, "యాడ ఆగుతరే? నా పానం బోతుంది!" అంటున్నాడు. ఆ అమ్మాయి ఒక చేత్తో ఆగండి అన్నట్టు సైగ చేస్తోంది గానీ, మైకు కట్టిన కర్ర మీది నుంచి మా చూపు పక్కకు పోవడం లేదు. సరిగ్గా అప్పుడు హాలు తలుపులో ఒక నీడ కనిపించింది.

మాస్టర్. దుకాణంలో బండి లేదని తెలిసి, ఎవరో దారి చెబితే నేరుగా వచ్చేశాడు. చేతిలో నల్ల కర్ర.

ఆయన్ను చూశాక ఆపాలి కదా? భయంతో ఇంకా గట్టిగా వాయించాం. దొంగతనం పట్టుబడ్డవాళ్లం, ఆపితే ఆయన తిట్లు మొదలవుతాయి. బండి తలుపు వైపు వస్తోంది. మాస్టర్ కదల్లేదు. మొదట ఆయన కళ్లు బండి మీద ఉన్నాయి. తర్వాత నా చేతుల మీదికి వచ్చాయి. తర్వాత తాళానికి ఆయన పాదం కదలడం చూశాను. బండి తలుపు దగ్గరికి చేరింది. ఆయన చేయి అలవాటుగా పైకి లేచింది. కర్ర ఒక్క క్షణం గాల్లో నిలిచి, కిందికి దిగింది.

నలుగురం ఒక్కసారి ఆగిపోయాం. ఒక్క దెబ్బ ఎక్కువ లేదు, ఒక్క ఊపిరి తక్కువ లేదు. హాలు పైకప్పులో పావురాలు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. అది కూడా ఆల్బమ్‌లో ఉంది, శ్రద్ధగా వినండి.

మాస్టర్ నోరు తెరిచాడు. "ఎవన్ని అడిగి తెచ్చిన్రురా బండి?"

మేం జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి ఆయన ముందుకు పరుగెత్తింది. "సార్, ఇంకా ఎనిమిది పాటలున్నయ్. జర ఈడనే నిలబడ్తరా?"

"నేనెందుకు?"

"ఆపనీకి సార్. వీళ్లకు ఆపుడొస్తలేదు."

మాస్టర్ మమ్మల్ని నలుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. ఆయన మీసం కింద నవ్వు కదలడం ముప్పై ఏళ్లలో నేను మొదటిసారి చూశాను. కర్ర చంకలో పెట్టుకుని కోటు గుండీలు సర్దుకున్నాడు. సాయంత్రం దాకా ఆ తలుపులో నిలబడి ఎనిమిది పాటలూ ఆపాడు. ఊరికే ఆపలేదు. క్లారినెట్ శ్రుతి తగ్గిందని రెండుసార్లు తిట్టాడు. 'బిర్యానీ ఖతం' ఇలాచి దగ్గర నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కోటు పాటప్పుడు బండి తలుపు దగ్గరకొచ్చినా కర్ర దించలేదు. ఇంకో చుట్టు తిరగమని సైగ చేశాడు. వాచ్‌మన్ తిట్టుకుంటూ తోశాడు.

ఆ ఆల్బమ్‌లో మాస్టర్ వాయించింది ఒక్క స్వరం లేదు. తొమ్మిది పాటలూ ముగించింది ఆయనే.

బండి దుకాణానికి తిరిగి చేరాక, అందరూ వెళ్లిపోతుంటే, ఆయన నన్ను ఆపాడు. నేను డ్రమ్ము తోమడానికి గుడ్డ వెతుకుతున్నాను.

"దాన్ని తోమకు. పొయ్యేటోళ్లు తోముతరు."

"మరి నేను?"

"బండి మీద జాగ ఉన్నదిగా. నడవలేనోడు కూసోని వాయిస్తడని నాకేం ఎరుక? ముప్పై ఏండ్ల సంది మీరు చెప్పిన్రా?"

తప్పు మాదేనన్నట్టు కోప్పడి, దుకాణం తాళం వేసుకున్నాడు.

'మూఢం' ఫోన్లలోకి ఎక్కింది. ఆ అమ్మాయి మొదట దాన్ని తన కూరగాయల ఆటోలకే ఎక్కించింది. టమాటా టమాటా మధ్యలో 'బామ్మర్ది డాన్సు' గల్లీ గల్లీ తిరిగింది. మూఢం పోయిన తర్వాత మొదటి ముహూర్తానికి కార్వాన్‌లోనే ఒక బరాత్. కదిలీ కదలక ముందే పెళ్లికొడుకు తరఫువాళ్లు మాస్టర్‌ను చుట్టుముట్టారు.

"మాస్టర్ సాబ్, ఆ బామ్మర్ది పాట కొట్టుండ్రి! బామ్మర్ది ఈన్నే ఉన్నడు!"

గిటారు కనబడొద్దన్న మనిషి కదా. ఆయన బండి వైపు చూశాడు. పాటగాడు గిటారును బండి కింద దాచాడని ఆయనకు ముందే తెలుసు. కర్ర పక్కకు ఊపాడు. అంతే. బామ్మర్ది రుమాలు తీశాడు. పద్నాలుగు మంది బ్యాండు, ఎనిమిది ట్రంపెట్లు, నా వెనక ఇనుప మడమలు. రోడ్డు మీద ఆటోలవాళ్లు కూడా దిగి ఎగిరారు. గుర్రం కూడా అలగలేదు. ఆ పెళ్లి వీడియోలో నన్ను కత్తిరించలేదు. చూశాను. బండి మీద ఎత్తున కూర్చున్నవాణ్ని ఎలా కత్తిరిస్తారు?

ఇంకో మూడు సీజన్లు ఆ బండి మీద వాయించాను. తర్వాత వేళ్లు కూడా మోకాళ్ల దారి పట్టాయి. ఈసారి ఎవరూ రావొద్దనలేదు. నేనే చాలనుకున్నాను, నేనే అందరికీ ముందుగా చెప్పాను. క్లారినెట్ భాయ్ ఈసారి కోప్పడలేదు.

నా ఆఖరి బరాత్‌కు గేటు దగ్గరపడుతుండగా మాస్టర్ వెనక్కి నడవడం ఆపి బండి దగ్గరకొచ్చాడు. నల్ల కర్ర నా ఒళ్లో పెట్టాడు. వెండి పొన్ను వెచ్చగా ఉంది. "ఇయ్యాల నువ్వే ఆపు," అన్నాడు. పుల్లలు పక్కన పెట్టి కర్ర పైకెత్తాను. పదమూడు మంది చూపులు దాని మీదికి వచ్చాయి. పెళ్లికూతురి తల్లి హారతి పళ్లెంతో గుమ్మంలో నిలబడింది. గుర్రం గేటు దగ్గర ఆగింది.

దించాలి. నా వెనక టక్ టక్ మోగుతోంది. ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, "జల్దేం లేదే" అన్నాడు.

కర్ర అలాగే పట్టుకుని, ఇంకో చుట్టు వాయించమని తల ఊపాను.